జాతి, గుర్తింపు, తెర మీద మనుషులు: ఎనిమిది టీవీ డాక్యుమెంటరీల్లో ఏది ఎవరికి?

తెలుగులో ‘జాతి’ అన్న ఒక్క మాట ఎన్నో బరువులు మోస్తుంది. జాతీయ జెండా దగ్గర అది దేశం. తెలుగు జాతి అన్నప్పుడు భాష. పల్లెల్లో పెద్దవాళ్ళు కొత్తగా వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ‘మీదే జాతి నాయనా’ అని అడిగితే అది కులం. పశువుల సంతలో మేలుజాతి అంటే ఒంగోలు గిత్త. అమెరికన్లు ‘రేస్’ అని పిలిచేదానికి కూడా మనం ఇదే మాటను వాడుతున్నాం కాబట్టి, అక్కడ తీసిన డాక్యుమెంటరీని చూడటానికి కూర్చున్న తెలుగు ప్రేక్షకుడికి మొదటి పది నిమిషాల్లోనే చిక్కు వస్తుంది. ఇందులో చెబుతున్నది ఒంటి రంగు గురించా, పుట్టుక గురించా, పౌరసత్వం గురించా అన్నది తేలదు. మంచి డాక్యుమెంటరీ ఆ చిక్కును విప్పుతుంది. నాసిరకం డాక్యుమెంటరీ జాలి పుట్టించి వదిలేస్తుంది.

ఈ విషయం మీద టీవీ కోసం తీసినవి వందల్లో ఉన్నాయి. అమెరికాలో పిల్లలను పెంచుతున్న బంధువులు, సామాజిక శాస్త్రం చదువుతున్న విద్యార్థులు, ఊరికే ఆసక్తి కొద్దీ అడిగే మిత్రులు నన్ను తరచుగా ‘ఏదో ఒకటి చెప్పండి, ఏది ముందు చూడమంటారు’ అని అడుగుతుంటారు. అందరికీ ఒకే జవాబు ఇవ్వడం కుదరదు గనుక, నేను పూర్తిగా చూసిన ఎనిమిదింటిని ఎంచుకుని, ఏది ఎవరికి పనికివస్తుందో ఇక్కడ రాస్తున్నాను. ఏడు అమెరికావి, ఒకటి బ్రిటన్‌ది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ డాక్యుమెంటరీ ఏ పొరను తవ్వుతోందన్నది. వివక్ష మనిషి మనసులో చిన్నచూపుగా ఉంటుంది. సినిమాల్లో, హాస్యంలో, ప్రకటనల్లో ఒక బొమ్మగా ఉంటుంది. చట్టం, బ్యాంకు, పోలీసు స్టేషను, కోర్టు కలిసి నడిపే ఏర్పాటుగానూ ఉంటుంది. ఈ మూడింటినీ సమానంగా చూపించిన డాక్యుమెంటరీ నాకు ఇంతవరకు తారసపడలేదు. మనసు గురించిన డాక్యుమెంటరీ చూసి ‘మనుషులు మంచిగా మారితే సరిపోతుంది’ అనుకోవడం, చట్టం గురించిన డాక్యుమెంటరీ చూసి ‘చట్టం మారింది కదా, ఇంకేముంది’ అనుకోవడం, రెండూ తరచుగా జరిగే పొరపాట్లే. అందుకని మీ ప్రశ్న ఏ పొరకు చెందినదో ముందుగా తేల్చుకోవడం మేలు.

తర్వాత చూడవలసింది మాట్లాడేది ఎవరన్నది. సంఘటనలో ఉన్నవాళ్ళు చెబితే ఒక రకమైన నమ్మకం కలుగుతుంది, పరిశోధకులు చెబితే ఇంకో రకమైన స్పష్టత వస్తుంది, కథకుడే తెర మీదికి వచ్చి తన కథగా చెబితే దగ్గరితనం ఏర్పడుతుంది గానీ చూపు ఇరుకవుతుంది. నిడివి సంగతి చెప్పనక్కరలేదు: యాభై నిమిషాలు ఇవ్వగలవారికి, పద్నాలుగు గంటలు ఇవ్వగలవారికి ఒకే సలహా పనికిరాదు. కంటికి కనిపించే హింస ఎంత ఉందన్నది పిల్లలున్న ఇళ్ళలో తప్పనిసరిగా చూసుకోవాలి.

వీటికి తోడు నేను సొంతంగా పెట్టుకున్న కొలత ఒకటి ఉంది. ఆ డాక్యుమెంటరీ మనల్ని ఎక్కడ కూర్చోబెడుతుంది? చాలావాటిలో మనకు రెండే కుర్చీలు దొరుకుతాయి. ఒకటి దూరపు ప్రేక్షకుడిది, రెండోది బాధితుడిది. తెలుగు ప్రేక్షకుడిని ఈ రెండు కుర్చీల్లోంచీ లేపి ఇబ్బంది పెట్టగలిగినదే నా లెక్కలో ఎక్కువ విలువైనది. కింది ఎంపికల్లో నా మొగ్గు ఎటుందో ఈ కొలతను బట్టి మీకు తెలుస్తుంది.

| డాక్యుమెంటరీ | మొదటి ప్రసారం | నిడివి | తవ్వే పొర | ప్రధానంగా మాట్లాడేది | ఏ వయసు నుంచి (నా అంచనా) |
|---|---|---|---|---|---|
| ఎ క్లాస్ డివైడెడ్ | 1985, పీబీఎస్ (అమెరికా ప్రజా టీవీ) | దాదాపు గంట | మనసు | టీచరు, ఆమె విద్యార్థులు | 10 ఏళ్ళు |
| ద ప్రాబ్లెమ్ విత్ అపూ | 2017, ట్రూటీవీ | 49 నిమిషాలు | తెర | హాస్యనటుడు, తోటి నటులు | 12 ఏళ్ళు |
| కలర్ అడ్జస్ట్‌మెంట్ | 1992, పీబీఎస్ | దాదాపు గంటన్నర | తెర | నటులు, నిర్మాతలు, విమర్శకులు | 15 ఏళ్ళు |
| రేస్: ద పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్ | 2003, పీబీఎస్ | 3 భాగాలు, ఒక్కొక్కటి గంటలోపు | సైన్సు, చట్టం, ఆస్తి | శాస్త్రవేత్తలు, చరిత్రకారులు | 14 ఏళ్ళు |
| ఏషియన్ అమెరికన్స్ | 2020, పీబీఎస్ | 5 భాగాలు, ఒక్కొక్కటి దాదాపు గంట | వలస, చట్టం | కుటుంబాల వారసులు, చరిత్రకారులు | 12 ఏళ్ళు |
| ఐస్ ఆన్ ద ప్రైజ్ | 1987, 1990, పీబీఎస్ | 14 భాగాలు, ఒక్కొక్కటి దాదాపు గంట | చట్టం, ఉద్యమం | ఉద్యమంలో ఉన్నవాళ్ళు | 14 ఏళ్ళు |
| ఓజే: మేడ్ ఇన్ అమెరికా | 2016, ఏబీసీ, ఈఎస్‌పీఎన్ | 5 భాగాలు, 467 నిమిషాలు | పోలీసు, కోర్టు, కీర్తి | మిత్రులు, లాయర్లు, జ్యూరీ సభ్యులు | పెద్దలకే |
| అప్‌రైజింగ్ | 2021, బీబీసీ | 3 భాగాలు | పోలీసు, వీధి | బతికి బయటపడ్డవాళ్ళు | 15 ఏళ్ళు |

మనసు పొర: ‘ఎ క్లాస్ డివైడెడ్’

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్ళో మూడో తరగతి టీచరు జేన్ ఎలియట్ తన పిల్లలను కళ్ళ రంగును బట్టి రెండుగా విడగొట్టారు. ఒకరోజు నీలి కళ్ళవాళ్ళు గొప్పవాళ్ళు, మర్నాడు గోధుమ కళ్ళవాళ్ళు. తక్కువ వాళ్ళ మెడకు గుడ్డ పట్టీ కట్టేవారు. 1970లో ఆమె ఇదే పాఠం చెబుతుండగా ఏబీసీ చిత్రీకరించింది. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ కలుసుకుని తమ పాత బొమ్మను తామే చూసుకోవడం పీబీఎస్ వారి ఫ్రంట్‌లైన్ కార్యక్రమంగా 1985లో వచ్చిన ఈ గంట సినిమాకు వెన్నెముక.

ఇందులో ఒక చిన్న దృశ్యం ఉంది. పిల్లలు అక్షర ధ్వనుల కార్డులను ఎంత వేగంగా చదువుతారో టీచరు గడియారం పెట్టి చూస్తారు. పట్టీ కట్టుకున్న రోజు ఐదున్నర నిమిషాలు పట్టిన అదే గుంపుకు, పట్టీ విప్పేసిన రోజు రెండున్నర నిమిషాలే పడుతుంది. నిన్న ఏమైందని అడిగితే, ఆ పట్టీ గురించే ఆలోచిస్తూ ఉండిపోయామని పిల్లలు చెబుతారు. మన బడుల్లో ‘ఈ పిల్లాడికి చదువు అబ్బదు’ అని తేల్చేసే వాళ్ళందరికీ ఈ మూడు నిమిషాల తేడా చూపించాలనిపిస్తుంది.

దీని లోపం కూడా చెప్పుకోవాలి. తరగతిలో ఉన్నది తెల్లపిల్లలే. నల్లపిల్లలు ఏం పడతారన్నది ఇందులో నేరుగా లేదు. పైగా వివక్ష అంటే ఒక మనిషి ఇంకో మనిషిని చిన్నచూపు చూడటమేనన్న అభిప్రాయంతో ప్రేక్షకుడు లేస్తాడు. చిన్నపిల్లల మీద ఇలాంటి ప్రయోగం చేయవచ్చా అన్న అభ్యంతరం అప్పటినుంచీ ఉంది, అది అర్థంలేనిది కాదు. అయినా ఇంట్లో పదేళ్ళ పిల్లలు ఉంటే మొదలుపెట్టవలసింది ఇక్కడే. ఫ్రంట్‌లైన్ దీన్ని తన వెబ్‌సైటులో ఉచితంగానే చూడనిస్తుంది.

తెర పొర: ‘ద ప్రాబ్లెమ్ విత్ అపూ’, ‘కలర్ అడ్జస్ట్‌మెంట్’

ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు గనుక కలిపి చెబుతున్నాను. తెర మీద మనల్ని పోలినవాళ్ళు కనిపిస్తే చాలా, ఎలా కనిపిస్తున్నారో కూడా చూడాలా?

మొదటిదాన్ని తీసింది న్యూయార్క్‌లో పుట్టిపెరిగిన తెలుగువారి అబ్బాయి, హాస్యనటుడు హరి కొండబోలు. ‘ద సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్‌లో 1990 నుంచి కనిపించిన కిరాణా దుకాణదారు అపూ పాత్రకు గొంతు ఇచ్చింది హ్యాంక్ అజేరియా అనే తెల్ల నటుడు. చాలా ఏళ్ళపాటు అమెరికన్ టీవీలో దక్షిణాసియా మనిషి అంటే దాదాపుగా ఆ యాస, ఆ దుకాణమే. బడిలో పిల్లలు అదే యాసతో తమను వెక్కిరించేవారని కల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ, హసన్ మిన్హాజ్ వంటి నటులు ఇందులో వరసగా చెబుతారు. పాత్ర ఇంటిపేరు నహాసపీమపెటిలాన్. అది ఏ భాషలోనూ ఇంటిపేరు కాదు, నవ్వు కోసం అల్లిన శబ్దం. హాజరు పట్టీలో తన ఇంటిపేరు దగ్గరికి రాగానే టీచరు తడబడటం, తరగతి అంతా నవ్వడం అనుభవించిన తెలుగు పిల్లలకు ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో వివరించనక్కరలేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, కొండబోలుకు ఆ సీరియల్ అంటే ఇష్టం. ఇష్టమైనదాన్నే తప్పు పట్టవలసి రావడంలోని ఇరకాటాన్ని ఆయన దాచుకోలేదు. నల్లవాళ్ళను వికారంగా చూపించిన పాత బొమ్మలను, వస్తువులను సేకరించే నటి వూపీ గోల్డ్‌బర్గ్‌తో మాట్లాడేటప్పుడు అపూ ఏ వరసలోకి వస్తాడన్న ప్రశ్న సూటిగా ముందుకొస్తుంది. అజేరియా మాత్రం ఆయనతో కూర్చుని మాట్లాడటానికి ఒప్పుకోలేదు; ఆ వెలితి ఈ సినిమాలో చివరిదాకా తీరకుండానే ఉంటుంది. ప్రసారం తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి: 2018లో ఆ సీరియల్ ఒక ఎపిసోడ్‌లో ఈ విమర్శను తేలిగ్గా తీసిపారేసింది, 2020 జనవరిలో అజేరియా ఆ గొంతు ఇకపై ఇవ్వనని చెప్పారు, అదే సంవత్సరం జూన్‌లో తెల్లవారు కాని పాత్రలకు తెల్ల నటుల గొంతు వాడబోమని నిర్మాతలు ప్రకటించారు.

దీన్ని చూసి నవ్వుకుంటూనే ఒక మాట గుర్తు చేసుకోవాలి. తెలుగు సినిమాల్లో దశాబ్దాల తరబడి తెలంగాణ యాసను రౌడీకో, పనివాడికో, నవ్వించే పాత్రకో కేటాయించారన్న ఫిర్యాదు ఇదే రకమైనది. అపూ మీద కోపం తెచ్చుకోవడం మనకు సులభం. మన తెర మీది అపూలను లెక్కపెట్టడం అంత సులభం కాదు. నలభై తొమ్మిది నిమిషాల ఈ సినిమా వ్యక్తిగత అనుభవం దాటి పెద్దగా ముందుకు వెళ్ళదు. ఆ పాత్ర ఎందుకు పుట్టింది, టీవీ వ్యాపారం దానికి ఎందుకు చోటిచ్చింది అన్నవాటికి జవాబు కావాలంటే రెండోదాని దగ్గరికి వెళ్ళాలి.

మార్లన్ రిగ్స్ తీసిన ‘కలర్ అడ్జస్ట్‌మెంట్’ అమెరికన్ టీవీ ధారావాహికల్లో నల్లజాతి మనుషులు నలభై ఏళ్ళపాటు ఎలా కనిపించారో వరసగా పరిశీలిస్తుంది. రిగ్స్ పద్ధతి చూడటానికి మామూలుగానే ఉంటుంది గానీ గట్టిగా పనిచేస్తుంది. ఒక సంవత్సరం టీవీలో వచ్చిన హాస్య ధారావాహికను, అదే సంవత్సరం వార్తల్లో వచ్చిన దృశ్యాలను పక్కపక్కన పెడతాడు. 1968లో ‘జూలియా’ అనే సీరియల్‌లో డయాన్ క్యారల్ వియత్నాం యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న నర్సుగా, చక్కటి ఇంట్లో, చక్కటి బట్టల్లో కనిపిస్తారు. ఆ సంవత్సరం బయట నగరాలు తగలబడుతున్నాయి. దానికి పన్నెండేళ్ళ ముందు మొదలైన గాయకుడు నాట్ కింగ్ కోల్ కార్యక్రమం దేశవ్యాప్త స్పాన్సరు ఒక్కరూ దొరకక ఏడాదికే ముగిసిపోయింది. చెడ్డ బొమ్మ ఎంత హాని చేస్తుందో, మరీ శుభ్రంగా తుడిచి పెట్టిన మంచి బొమ్మ కూడా ఇంకో దారిలో అంతే హాని చేయగలదన్నది రిగ్స్ వాదన. సగటు ప్రేక్షకుడికి నొప్పి కలగకుండా సర్దిన నలుపు అది. పేరులోని శ్లేష కూడా అక్కడిదే: పాత టీవీ సెట్టు మీద రంగు సరిచేసే మీట.

ఒక ఇబ్బంది ఉంది. ఇందులో ప్రస్తావించే సీరియల్స్ మనకు తెలియవు, అందువల్ల మొదటి అరగంట పేర్ల జాబితాలా అనిపించవచ్చు. మీడియా చదువుతున్న విద్యార్థి ఓపిక పట్టి చూడాలి. ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ చూడాలనుకుంటే అపూ నయం.

చట్టం పొర: ‘రేస్’, ‘ఏషియన్ అమెరికన్స్’

‘రేస్: ద పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్’ మూడు భాగాలనూ విడివిడిగా చూసుకోవచ్చు. మొదటి భాగంలో వేర్వేరు రంగుల విద్యార్థులు తమ డీఎన్‌ఏలో కొంత భాగాన్ని పోల్చుకుంటారు. తమకు దగ్గరి పోలిక తమ రంగువాళ్ళతోనే ఉంటుందని ముందే ఊహించి రాసుకున్న ఆ పిల్లలు, ఫలితాలు వచ్చాక తమ చీటీలను తామే తిప్పి చూసుకుంటారు. మనుషుల జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ప్రతి జనసమూహం లోపలే ఉందని రిచర్డ్ లెవాంటిన్ 1972లో చేసిన లెక్క దీనికి ఆధారం. రెండో భాగం బానిసత్వం, భూమి, రంగు గురించిన కథలు అమెరికాలో ఎలా పుట్టాయో చెబుతుంది. దాన్ని తర్వాత చూసినా నష్టం లేదు.

మూడో భాగం మాత్రం మనకోసమే తీశారా అన్నట్టు ఉంటుంది. 1790 నాటి అమెరికా చట్టం ప్రకారం వలసవచ్చిన వాళ్ళలో ‘స్వేచ్ఛగల తెల్లవారు’ మాత్రమే పౌరులు కాగలరు. 1870లో ఆఫ్రికా సంతతి వారిని చేర్చారు, ఆసియా వారిని చేర్చలేదు. తకావో ఒజావా అనే జపాన్ మనిషి తన చర్మం చాలామంది తెల్లవాళ్ళ కంటే తెల్లనిదని వాదించాడు. చర్మం రంగు కాదు, ‘కాకేసియన్’ (అప్పటి మానవశాస్త్రవేత్తలు తెల్లవాళ్ళను చేర్చిన వర్గం) అయి ఉండాలని సుప్రీంకోర్టు 1922 నవంబరులో అతణ్ణి కాదంది. మూడు నెలలకే పంజాబు నుంచి వచ్చి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. మానవశాస్త్రవేత్తల వర్గీకరణ ప్రకారం థింద్ కాకేసియన్. అయినా సామాన్యుడి దృష్టిలో అతను తెల్లవాడు కాడు గనుక కుదరదని 1923 ఫిబ్రవరిలో అదే కోర్టు తేల్చింది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లండ్. మొదట శాస్త్రాన్ని అడ్డం పెట్టి ఒకణ్ణి బయటికి పంపి, తర్వాత శాస్త్రాన్నే పక్కకు నెట్టి ఇంకొకణ్ణి బయటికి పంపిన ఈ విధానాన్ని చూశాక, ‘రేస్’ ఒంట్లో లేదని, కాగితం మీద ఉందని ఎవరూ విడిగా బోధించనక్కరలేదు.

ఇక్కడే మన కుర్చీ కదులుతుంది. కోర్టుకు ఇచ్చిన వాదన పత్రంలో థింద్ తరఫువారు అతణ్ణి ‘అగ్రకుల హిందువు’గా, స్వచ్ఛమైన ఆర్య రక్తం గలవాడుగా చూపించారు. మనిషి సిక్కు, వాదనేమో అది. అంతటితో ఆగలేదు. పెళ్ళి సంబంధాల విషయంలో నల్లవాణ్ణి తెల్ల అమెరికన్ ఎలా చూస్తాడో, అగ్రకుల హిందువు ఇండియాలోని మూలవాసిని అలాగే చూస్తాడని కూడా రాశారు. అంటే, మేమూ మీలాగే ఇతరులను దూరం పెట్టేవాళ్ళమే, కాబట్టి మమ్మల్ని మీలో కలుపుకోండి అన్నది ఆ వాదన సారం. ఈ సినిమాతోపాటు ఈ ఒక్క సంగతి తెలిస్తే, తెలుగు ఇంట్లో జరిగే చర్చ బాధితుల కథ దగ్గర ఆగకుండా పెళ్ళి చూపుల దాకా వెళ్తుంది. మా ఇంట్లో వెళ్ళింది. ఆ రాత్రి భోజనాలు ఆలస్యమయ్యాయి.

అదే భాగంలో ఇళ్ళ రుణాల కథ ఉంది. 1934 నుంచి 1962 వరకు ప్రభుత్వ పూచీతో ఇచ్చిన 12,000 కోట్ల డాలర్ల గృహరుణాల్లో తెల్లవారు కానివారికి అందింది రెండు శాతం లోపేనని సినిమా చెబుతుంది. నల్లకుటుంబాలు వచ్చిన పేట ధర ఎందుకు పడిపోయిందో, ఆ పడిపోవడం తర్వాతి తరం చదువును, పొదుపును ఎలా తినేసిందో చూపించిన తీరు, ఎనిమిదింటిలోనూ నాకు అత్యంత స్పష్టంగా తోచిన వివరణ. అయితే ఇది ఆకర్షించే సినిమా కాదు. 2003 నాటి చిత్రీకరణ, కుర్చీలో కూర్చుని మాట్లాడే ప్రొఫెసర్లు, నెమ్మదిగా సాగే కథనం. టిక్‌టాక్ వేగానికి అలవాటుపడిన పిల్లలు పది నిమిషాల్లో ఫోను తీస్తారని ముందే అనుకుని కూర్చోండి.

‘ఏషియన్ అమెరికన్స్’ అదే చరిత్రను మనుషుల ముఖాలతో చెబుతుంది. ఐదు భాగాల ఈ ధారావాహికకు నిర్మాత రెనీ తజీమా పెన్యా; కథనం డేనియల్ డే కిమ్, టామ్లిన్ టొమిటా గొంతుల్లో సాగుతుంది. థింద్ కథ మొదటి భాగంలో ఇక్కడా వస్తుంది. రెండో భాగం రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సంతతి పౌరులను శిబిరాల్లో బంధించడం గురించి. మూడోది ‘ఆదర్శ మైనారిటీ’ అన్న పొగడ్త ఎలా పుట్టిందన్నది. మన పిల్లల మార్కులు, మన ఇంజనీర్ల జీతాలు చూపించి మురిసిపోయే మనకు ఆ మూడో భాగం కొంచెం చేదుగా ఉంటుంది, ఎందుకంటే ఆ పొగడ్తను ఇంకొకరిని తక్కువ చేయడానికి వాడారని అది గుర్తుచేస్తుంది. ఐదు గంటల్లో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, కొరియా, వియత్నాం, భారత్ అన్నీ ఇమడ్చాలి గనుక, ప్రతి ఒక్కరికీ తమవాళ్ళ వంతు తక్కువైందనిపిస్తుంది. తెలుగువాళ్ళు పెద్దసంఖ్యలో అమెరికా చేరిన ఇటీవలి దశాబ్దాలకు ఇందులో దక్కిన చోటు చిన్నది. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథా పట్టణంలో, ఇరాన్ మనిషి అనుకుని ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన ఘటన తర్వాత చాలా ఇళ్ళలో మొదలైన భయానికి పాత మూలాలు ఎక్కడున్నాయో మాత్రం ఇది చూస్తే తెలుస్తుంది. 1982లో డెట్రాయిట్ దగ్గర విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ణి కొట్టి చంపినవాళ్ళకు ఒక్కరోజు జైలు కూడా పడకపోవడం ఆ మూలాల్లో ఒకటి.

పెద్ద చరిత్ర: ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’

హెన్రీ హాంప్టన్, బోస్టన్‌లోని ఆయన సంస్థ బ్లాక్‌సైడ్ కలిసి అమెరికా నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం మీద తీసిన ఈ ధారావాహికలో మొదటి ఆరు భాగాలు 1954 నుంచి 1965 వరకు, తర్వాతి ఎనిమిది 1980ల మధ్య వరకు సాగుతాయి. హాంప్టన్ గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది: చరిత్రకారులు, వ్యాఖ్యాతలు వద్దు, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళే మాట్లాడాలి. ఉద్యమంవాళ్ళే కాదు, ఎదురుగా నిలబడ్డ అధికారులు కూడా. జూలియన్ బాండ్ గొంతు మాత్రం సంఘటనలను కలుపుతూ పోతుంది.

ఆరో భాగంలో అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊళ్ళో కోర్టు మెట్ల మీద సి.టి. వివియన్ అనే పాస్టరు ఓటు హక్కు గురించి అక్కడి పోలీసు అధికారి షెరిఫ్ జిమ్ క్లార్క్ ముఖం మీదే, వేలు చూపిస్తూ, ఆపకుండా మాట్లాడతారు. షెరిఫ్ వీపు తిప్పుకుంటాడు, కెమెరా దీపం ఆర్పమంటాడు, ఉన్నట్టుండి దెబ్బ పడుతుంది, వివియన్ మెట్ల మీద నుంచి దొర్లుతారు. లేచి, ముఖం మీద రక్తంతోనే, ఆగిన వాక్యం దగ్గర నుంచి మళ్ళీ అందుకుంటారు. కెమెరా అక్కడ ఉందని ఇద్దరికీ తెలుసు. టీవీ ఈ ఉద్యమాన్ని చూపించడమే కాదు, ఉద్యమంలో ఒక పనిముట్టు కూడా అయిందని ఈ ఒక్క నిమిషం చెబుతుంది. 1965 మార్చి 7న అదే ఊరి వంతెన మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడిన దృశ్యాలను, ఏబీసీ ఆ రాత్రి వేస్తున్న నాజీ నేరాల విచారణ సినిమాను మధ్యలో ఆపి చూపించింది.

దీనికి పాత దృశ్యాలే ప్రాణం, పాత దృశ్యాలే గండం. వాటి హక్కుల గడువు తీరిపోవడంతో చాలా ఏళ్ళు ఇది టీవీలో కనిపించకుండా పోయి, కొత్తగా డబ్బు సమకూర్చి హక్కులు కొన్నాక 2006లో తిరిగి ప్రసారమైంది. 2025లో హెచ్‌బీఓ ఇదే పేరుతో 1977 తర్వాతి కాలం మీద ఆరు కొత్త భాగాలు విడుదల చేసింది. తీసినవాళ్ళు వేరు, పద్ధతి వేరు, వెతికేటప్పుడు కలగాపులగం చేసుకోవద్దు. మొదటి భాగంలో 1955లో హత్యకు గురైన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్ శవం ఫొటో ఉంది. కొడుకుకు ఏం చేశారో లోకం చూడాలని తల్లి శవపేటిక మూత తెరిచే ఉంచింది. పిల్లలతో చూసేవాళ్ళు ముందు తాము చూసి నిర్ణయించుకోవాలి.

పద్నాలుగు గంటలు ఎవరికీ లేవని తెలుసు. మొదటి భాగం, నాలుగోది, ఆరోది చూస్తే ఆ దశాబ్దపు గొలుసు దాదాపు చేతికి వస్తుంది.

మిగిలిన రెండు

ఎజ్రా ఎడెల్మన్ తీసిన ‘ఓజే: మేడ్ ఇన్ అమెరికా’ నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద వచ్చిన హత్య కేసు పేరుతో లాస్ ఏంజెలిస్ పోలీసుల చరిత్ర చెబుతుంది. తన రంగును మరచిపోవచ్చని నమ్మిన ఆటగాడు, ఆ రంగు సాయంతోనే 1995లో కోర్టులో బయటపడటం అందులోని వింత. ఒక జ్యూరీ సభ్యురాలు ఆ తీర్పును, అంతకుముందు నల్లజాతి యువకుడు రోడ్నీ కింగ్‌ను పోలీసులు కొట్టినందుకు బదులుగా చెప్పడం విన్నాక కాసేపు మాట రాదు. 2017లో ఆస్కార్ గెలిచింది. కానీ ఏడున్నర గంటలు దాటుతుంది, హత్యాస్థలం ఫొటోలు దాచకుండా చూపిస్తుంది. క్రైమ్ కథలు ఇష్టపడే పెద్దవాళ్ళను ఈ విషయంలోకి తీసుకురావడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

స్టీవ్ మెక్వీన్, జేమ్స్ రోగన్ కలిసి తీసిన ‘అప్‌రైజింగ్’ 1981 జనవరిలో లండన్‌లోని న్యూ క్రాస్‌లో పుట్టినరోజు వేడుక జరుగుతున్న ఇంట్లో నిప్పంటుకుని 13 మంది నల్లజాతి యువతీయువకులు చనిపోవడంతో మొదలై, ఆ మార్చిలో జరిగిన పెద్ద ఊరేగింపు, ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్ వీధుల్లో చెలరేగిన అల్లర్ల దాకా నడుస్తుంది. వివక్ష అంటే అమెరికా ఒక్కటే అనుకునేవాళ్ళకు, పిల్లలను బ్రిటన్ పంపుతున్నవాళ్ళకు ఇది చెబుతాను.

ఎవరికి ఏది

అమెరికాలో పుట్టిన పిల్లలతో కూర్చునే తల్లిదండ్రులకు నా సలహా ముందు అపూ, కొన్నాళ్ళకు ‘ఏషియన్ అమెరికన్స్’ మూడో భాగం. పిల్లలకు మొదటిది తమ కథలా ఉంటుంది. రెండోది తల్లిదండ్రుల కథ. ఈ వరస తిరగబడితే పిల్లలు దాన్ని ఇంకో ఉపదేశం అనుకుంటారు. ఇండియాలో ఉండి త్వరలో చదువుకు వెళ్ళబోతున్న విద్యార్థికి ‘రేస్’ మూడో భాగం తప్పనిసరి, ‘ఓజే’ తీరిక దొరికితే. బడి టీచర్లకు ‘ఎ క్లాస్ డివైడెడ్’ సరిపోతుంది, అయితే అందులోని ప్రయోగాన్ని తమ తరగతిలో మళ్ళీ చేయాలన్న ఉబలాటాన్ని అణచుకోవాలి; మన తరగతిలో పిల్లలకు పట్టీలు కట్టనక్కరలేదు, ఇంటిపేర్లు చాలు. సినిమా, మీడియా విద్యార్థులకు ‘కలర్ అడ్జస్ట్‌మెంట్’ పాఠ్యపుస్తకం లాంటిది. ఉద్యమాల చరిత్ర మీద మనసున్నవాళ్ళు, ముఖ్యంగా దళిత ఉద్యమాల నేపథ్యం నుంచి వచ్చేవాళ్ళు, ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ను నెలలపాటు కొంచెం కొంచెంగా చూడటం మేలు.

ఇంగ్లీషు వినడం అలవాటు లేని పెద్దవాళ్ళకు ఒక మాట. అమెరికా దక్షిణాది యాస అక్కడివాళ్ళకే ఒక్కోసారి అందదు, అందుకని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూడండి. ఏ సేవలో ఏది దొరుకుతుందన్నది నెలనెలా మారుతుంది. డబ్బు కట్టే ముందు ఒకసారి వెతకండి. అతికించిన ముక్కలుగా యూట్యూబ్‌లో దొరికేవాటిలో ‘ఐస్ ఆన్ ద ప్రైజ్’ భాగాల వరస తారుమారుగా ఉండే అవకాశం ఉంది గనుక, సంవత్సరం చూసుకుని మొదలుపెట్టండి.

మీకు ఒకే ఒక్క సాయంత్రం ఉందంటారా? ఆరు గంటలకు అపూ వేయండి, ఏడు కాకముందే అయిపోతుంది. భోజనాలయ్యాక ‘రేస్’ మూడో భాగం పెట్టి, ఒజావా తీర్పు దగ్గర ఒక్క నిమిషం ఆపి, తర్వాత వచ్చే థింద్ ఏమని వాదించి ఉంటాడో ఇంట్లో అందరినీ చెప్పమనండి. వాళ్ళు చెప్పిన జవాబులను కాగితం మీద రాసుకుని, అప్పుడు మీట నొక్కండి.